దూదిగాడి ఎక్కిళ్లు

ఏమోయ్,

కొట్టు తాళాలతో పాటు వెనక గది తాళం కూడా పట్టుకెళ్తున్నాను, వెతక్కు. పాలు కాచి పెట్టాను. దూదిగాడికి గోరువెచ్చగా పొయ్యి, రెక్కలు తడవనీకు. ఎక్కిళ్ల మందు మాత్రం ఇక వెయ్యొద్దు.

నిన్న వాణ్ణి పశువుల డాక్టరుకి చూపించాను. పొట్ట నొక్కి చూసి నవ్వాడాయన. "జబ్బేం లేదయ్యా. మనుషుల మనసు ఈ రెక్కల పిల్లుల జాతికి తెలిసిపోతుంది. దగ్గరున్నవాళ్లు మాట మింగేస్తే వీటికి ఎక్కిళ్లొస్తాయి. మీ ఇంట్లో మింగుతున్నదెవరు?" అన్నాడు.

రాత్రి "ఏమైంది?" అని నేనడిగితే "ఏం లేదు" అన్నావు. వాడు ఎక్కిళ్లు పెట్టీ పెట్టీ మంచం మీంచి దొర్లిపడ్డాడు. ఆమధ్య కుట్టుమిషను కొట్లో పెట్టుకుంటానని నువ్వంటే, ఆ చప్పుడుకి గిరాకీ పోతుందని కొట్టిపారేశాను. అప్పట్నుంచే కదూ ఇది?

కొట్టు వెనక గది ఖాళీ చేయిస్తున్నాను. కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. మధ్యాహ్నం వచ్చి మిషను ఎక్కడ వెయ్యాలో చెప్పు. గది నచ్చకపోతే నచ్చలేదనే అను, వాడి పొట్ట కోసమైనా.

మర్చిపోయాను: కొట్లో బట్టలు కొరికే ఎలకల్ని పడతాడని కదా వాణ్ణి కొన్నాను. ఒక్కదాన్నీ పట్టలేదు, పైగా వాటిమీద జాలి. అయినా ఈ బేరంలో నేను నష్టపోలేదు. మనిద్దరికీ మళ్లీ మాటలు కలిసేలా ఉన్నాయి.