ఎడమపక్క చోటు

పూజ్యులైన చాముండేశ్వరి వదినగారికి నమస్కారములు.

నా తెలుగు బాగుండదు, మన్నించండి. అమెరికా వచ్చాక పగలు గోడౌన్‌లో పని, రాత్రులు కాలేజీ, అంతా ఇంగ్లీషులోనే గడిచింది. అలాగే డిగ్రీ సాధించాను.

మా నిశాంత్ కాలేజీ ఫుట్‌బాల్, అదే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఇక్కడి ఆట, ఈ నవంబరుతో ముగుస్తుంది. వాడు ఆడే స్థానాన్ని టైట్ ఎండ్ అంటారు. బంతి వాడి చేతికి అరుదుగా వస్తుంది. ఎదుటివాళ్లను ఒంటితో అడ్డుకుని, బంతి పట్టుకున్నవాడికి దారి చేయడమే వాడి ముఖ్యమైన పని. "పెళ్లిలో భోజనాల దగ్గర గుంపును ఆపే ఉద్యోగమన్నమాట!" అని అన్నయ్యగారు నవ్వేవారు. టీవీలో అందరూ బంతిని చూస్తుంటే, మీ చెల్లెలు శ్రీవిద్య మాత్రం వాణ్నే చూసేది.

ఆఖరి మ్యాచ్‌కు ముందు, ఆ ఏడు చదువు ముగించే ప్రతి ఆటగాడి పేరూ మైకులో పిలుస్తారు. అతడు తల్లికి ఒక చేయి, తండ్రికి ఒక చేయి ఇచ్చి మైదానంలోకి నడవాలి. "డాడ్, మనిద్దరం చాలు. ఇట్స్ ఫైన్" అన్నాడు. నేనూ సరేనన్నాను. మొన్న ఇంటికి వచ్చినప్పుడు పార్కింగ్ లాట్‌లో నడిచి చూశాం. నేను వాడి కుడిపక్కన ఉన్నాను. వాడు ఎడమ మోచేతిని కూడా మడిచి, ఆ పక్కన మరొకరికి సరిపడా చోటు వదిలి నడిచాడు. ఆ సంగతి వాడికి తెలిసినట్టు లేదు.

శ్రీవిద్య పోయాక మన రాకపోకలు తగ్గాయి. అందుకు ఎవరినీ తప్పుపట్టను. నేను సాధారణంగా ఎవరినీ ఏదీ అడగను. మీరు డబ్లిన్ నుంచి వచ్చి ఆ ఎడమపక్కన నడవగలరా?

మీరు చదివాక ఈ ఉత్తరాన్ని అన్నయ్యగారికి ఇవ్వండి. వచ్చేటట్టయితే, దీన్ని వెంట తెచ్చి నిశాంత్‌కు మీరే చదివి వినిపించండి. వాడికి తెలుగు చదవడం రాదు. రాలేకపోతే మాత్రం వాడికి చెప్పవద్దు. నేను అడిగానని వాడికి తెలియదు.