నీ పని నాకు పడింది

ఏమే ముసలీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మన మనవరాలు గౌరి కాలేజీ నుంచి వచ్చింది. తను చదివేదేమిటో నాకు చెబుతానని భావనపాడు ఒడ్డున ఇసకలో సున్నాలు గీసింది. ఒక్కో సున్నా ఒక్కో కంప్యూటరట. ఏ పని దేనికిస్తే అన్నీ తొందరగా ముగుస్తాయో లెక్క కట్టడమే దాని చదువట.

"అందులో ఒకటి పాడైపోతే ఏటి సేస్తావే?" అన్నాను.

గౌరి ఒక సున్నాను చేత్తో చెరిపేసింది. "దాని పనులు మిగతావాటికి పంచీడమే తాతా. ఏ పనీ ఆగకూడదు."

"దీనికి కాలేజీ ఎందుకే? మీ నానమ్మ పోయినప్పుడు మనం సేసిందీ అదే కదేటి!"

నవ్వబోయి ఆగిపోయింది పిల్ల.

నిజంగానే పంచేసుకున్నాం. చేపలు ఎండబెట్టడం కోడలు చూసుకుంటోంది. వేటకెళ్లిన పడవ కోసం ఒడ్డున నిలబడే పని నాకు పడింది. "సముద్రం నన్నెత్తుకుపోద్దేటే, ఇంటికాడ ఉండలేవా?" అని నిన్ను ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు కొడుకు పడవ కనబడేదాకా నేనే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాను.

అయినా నీకంటే నేనే పనిమంతుణ్ణిలే. నా పడవ రాగానే నువ్వు ఇంటికి నడిచేదానివి. వాడి పడవ వచ్చేశాక కూడా నేను నిలబడే ఉంటున్నాను.