పది పీపాలు, ఒక ముక్కు

మార్చి 2, 1958

కొండమీది మఠానికి మదర్‌వి, నాకు మాత్రం అక్కవి అయిన కసిల్డాకి,

తమ్ముడు లియోన్సియో వ్రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఏటా చేసినట్టే మడ్డి అడుక్కి దిగడానికి తెల్లసొనలు పీపాల్లో పోశాను. పచ్చసొనలు మీ మిఠాయిలకి ఒక కుండలో పంపుతున్నాను. దాంతోపాటు పది చిన్న సీసాలు, పీపాకొకటి, మీద అంకెలు వేసి పంపుతున్నా. అయిదేళ్ళు ఓక్ చెక్క పీపాల్లో నిద్రపోయిన వైన్ అక్కా ఇది! పంతొమ్మిదిన, సెయింట్ జోసఫ్ పండగనాడు, పదింటినీ కలిపేసి సీసాల్లో పోస్తాను. ఈలోగా ఏ సీసా ఏం వాసన వేస్తోందో రాయి. ఊరికే, సరదాకి.

నీ తమ్ముడు,
లియోన్సియో

తా.క. బండి దొరక్క సొనల కుండ పది రోజులు పొయ్యి పక్కనే ఉండిపోయింది. మూత తీసి చూశాను, ఏమీ కాలేదు.

మార్చి 5

చిరంజీవి లియోన్సియోకి ఆశీస్సులు.

వాసన రాయాలా? మెచ్చుకోలు కోసం మఠానికే సీసాలు పంపేంత గర్వమేమిట్రా నీకు, అందులోనూ ఈస్టర్ ముందు తపస్సు కాలంలో! వంట చూసే సిస్టర్ విసిటాసియోన్ సీసాలన్నీ ఒకే గిన్నెలో వంచి బేరిపళ్ళు ఉడికించేసింది. బ్రహ్మాండంగా కుదిరాయి.

నీ అక్క,
కసిల్డా

తా.క. నీ సొనల కుండ తెరిచిన సిస్టర్ ఇంకా తేరుకోలేదు.

మార్చి 8

అక్కా,

కొంపముంచావు! నా వైన్‌లో పళ్ళు ఉడికిస్తారా! ఇంకో పది సీసాలు పంపుతున్నా. నీకు దణ్ణం పెడతాను, దేవుడి మీద ఒట్టు, ఈసారైనా విడివిడిగా వాసన చూసి చెప్పు. నాకు ఎక్కువ రోజుల్లేవు.

లియోన్సియో

తా.క. సొనలు చూసి సిస్టర్ అంత సంబరపడిందంటే నాకూ సంతోషమే. దాంతోపాటే తీసిన రెండో కుండ కూడా పంపేస్తున్నాను.

మార్చి 11

తమ్ముడూ,

"ఎక్కువ రోజుల్లేవు" అన్న మాట చదివి మఠమంతా ఘొల్లుమంది. నువ్వు పోతున్నావని అక్కకి ఇలాగేనా చెప్పడం? తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాం. గురువారం ఫాదర్ యూలోజియో పోయేవాళ్ళ నుదుటికి రాసే తైలం తీసుకుని వస్తారు. బుద్ధిగా రాయించుకో.

కసిల్డా

తా.క. రెండో కుండని తోటలో పాతిపెట్టాం. కారణం అడగకు.

మార్చి 15

అక్కా,

నీ పుణ్యమా అని ఊళ్ళో నా పరువు గంగలో కలిసింది. ఫాదర్ వచ్చేసరికి నేను నేలమాళిగలో ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి వైన్ దించుతున్నాను. తేట చూడాలంటే చేతిలో కొవ్వొత్తి ఉండాలిగా! దాన్ని పోయేవాళ్ళ చేతికిచ్చే కొవ్వొత్తి అనుకుని "సిద్ధంగానే ఉన్నావు నాయనా" అన్నాడాయన. మాట్లాడనిస్తేగా, నుదుటికి తైలం పట్టించేశాడు. ఆ రోజంతా మా ఆవిడ నా పక్కకి రాలేదు. పిల్లి మాత్రం నా నుదురు నాకడానికి వెంటపడింది.

ఇక దాచలేను. నాకు చావు రాలేదు, ముక్కు పోయింది. క్రిస్మస్ జ్వరం తర్వాత ఒక్క వాసనా తెలియడం లేదు. కాఫీ లేదు, వెల్లుల్లి లేదు, నా వైనూ లేదు. ఆ పది పీపాల్లో ఒకటి ఎండాకాలమంతా ఖాళీగా పడున్న పాత పీపా, జనవరిలోనే వైన్ అందులోకి మార్చాను. బూజు పట్టిందేమోనని అనుమానం. ఏదో గుర్తు పెట్టుకోలేదు, వెధవని. అది కలిసిందంటే అయిదేళ్ళ కష్టం మురుగుకాలవ పాలు. ముక్కు లేనివాడి వైన్ ఎవరు కొంటారు, అందుకే ఎవరికీ చెప్పలేదు. భయమేస్తోందక్కా. మన ఇంట్లో నాకంటే మంచి ముక్కు ఒక్కటే ఉండేది, దాన్ని నువ్వు మఠానికి పట్టుకుపోయావు. ఏ పీపానో చెప్పవూ?

నీ తమ్ముడు,
లియోన్సియో

తా.క. ఇంతకీ కుండని ఎందుకు పాతిపెట్టారు?

మార్చి 17

నా పిచ్చి తమ్ముడికి,

ఏడోది. తడిసిన గోనెసంచి కంపు. దాన్ని పక్కన పెట్టు, మిగతా తొమ్మిదీ కలుపు.

మొదటిసారే అన్నీ వాసన చూశాన్రా. సిస్టర్‌ని ఏడోది ముట్టనివ్వలేదు, అందుకే బేరిపళ్ళు కుదిరాయి. మొదటి సీసా మూత తీయగానే చెర్రీపళ్ళు. మూడోదాంట్లో ఓక్ ఇచ్చిన వనిల్లా, అడుగున కాస్త కొబ్బరి. అయిదోది నాన్న పొగాకు డబ్బా, కళ్ళు మూసుకుంటే నాన్న పక్కనే నిలబడ్డాడు. తొమ్మిదోది గుటక వేశాక పరలోక జపం మొత్తం చదివాను, అయినా నాలుకని వదల్లేదు. నాన్న కూడా ఇలాంటిది చేయలేదు. గర్వం పాపమే, కానీ ఈ ఒక్కసారికి నీ తరఫున నేను గర్వపడి, ప్రాయశ్చిత్తం కూడా నేనే చేసుకుంటాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావా? పండగలోపు ఎలాగూ చెప్పేదాన్ని. కానీ చిన్నప్పటినుంచీ నీకు సాయం అడగడం రాదు. ఈసారైనా అడుగుతావేమోనని చూశాను. అడిగావు. ఇకమీదట ప్రతి ఏడూ సీసాలు పంపు. నా ముక్కు ఉన్నన్నాళ్ళూ అది నీదే.

నీ అక్క,
కసిల్డా

తా.క. ముక్కున్నవాడెవడూ ఆ కుండ పంపడు. నలభై ఏళ్ళుగా తెరవని కిటికీలు తెరిచాం. అయినా రూఢి చేసుకుందామని ఫాదర్‌కి సంగతి చెప్పి, తైలం బదులు వేరే సీసా పంపాను. ఆయన మంత్రమేమీ చదవలేదు కాబట్టి పాపం లేదు. అది సార్డీన్ చేపల డబ్బాలో నూనె. నుదురు కడుక్కో.