నవ్వు చదవని గొంతు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం

అలిగిన నా బిడ్డ శ్రీకళకు,

మీ ఆయన ధర్మేందర్ పోయి పదకొండు రోజులైందని నీ కూతురు సుజన ఇవాళ చెప్పింది. అంతవరకు చెప్పొద్దన్నావట. నువ్వుండే ఎల్‌బీ నగర్ ఇక్కడికి మూడో మెట్రో స్టేషన్. నీ కబురు పాకుకుంటూ వచ్చినా ఇన్నాళ్లు పట్టదు.

ఆరేళ్ల కింద, నీ రెండో పెళ్లికి నేను రాసిన ఒక్క ముక్క పట్టుకుని మాట మానేశావు. "గడ్డిఅన్నారంలో బత్తాయిలమ్మే అల్లుడు కదా, ఎన్నాళ్లు నిలవుంటాడో నొక్కి చూసి తెచ్చుకో" అన్నా. అది రాస్తూ ఫక్కున నవ్వాను. పుట్టినప్పటినుంచి నన్ను విన్నదానివి, నా వేళాకోళం తెలియదా?

సరే. ధైర్యంగా ఉండు. వేళకు తిను.

ఇట్లు,
సూర్యప్రభ, రిటైర్డ్ తెలుగు పండిట్, ఆపైన నీ తల్లి


సోమవారం

శ్రీకళా, నా తల్లీ,

నిన్నటి ఉత్తరం పంపలేదు. నా కళ్లకు శుక్లాలొచ్చాయి. కంప్యూటర్‌లో నేను టైపు చేసిందంతా అదే పైకి చదివేటట్టు సుజన ఏర్పాటు చేసింది. తప్పులు దిద్దుకుందామని బటన్ నొక్కా. ఎవరో ఆడగొంతు. ముప్పై ఏళ్లు పిల్లలకు పద్యం చదవడం నేర్పినదాన్ని, ఆమెను బెంచీ ఎక్కించాలనిపించింది. విరుపు లేదు, ఊపు లేదు. బత్తాయిల ముక్క దగ్గరికొచ్చింది. బస్సు బోర్డు చదివినట్టు చదివింది. ఎన్నాళ్లు నిలవుంటాడో. మళ్లీ నొక్కా. మూడోసారికి కూడా అందులో నవ్వు లేదు.

"నవ్వుకుంట రాసిన బిడ్డా" అన్నా సుజనతో.

"నువ్వు నవ్వినవ్ అమ్మమ్మా. అమ్మ పెళ్లిచీర కట్టుకుంట చదివింది."

నా నవ్వు నా దగ్గరే ఉండిపోయింది. నీకు చేరింది ఆ మాటలే, ఈ గొంతులాగే. అతను నీ దగ్గర ఆరేళ్లే నిలిచాడు తల్లీ. ఆ మాటను ఇప్పుడు నేనెట్ల వెనక్కి తీసుకోను?

ఈ ఉత్తరం కూడా చదివించా. నేను ఏడ్చిన చోట ఆమె ఆగలేదు. అందుకే పోస్టు చెయ్యను. రేపు పొద్దున నేనే పట్టుకొస్తా. తలుపు తియ్యబుద్ధి కాకపోతే తియ్యకు, మెట్ల మీద కూర్చుని నా గొంతుతోనే చదువుతా. కళ్లు ఆనకపోయినా ఫర్వాలేదు, అంతా కంఠతా వచ్చింది. జర విను చాలు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు.

అమ్మ