నేలతాతకు అడ్డం రాని లెన్సు

ఫిబ్రవరి 3, సోమవారం

చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవులు అయిపోయాయి. నా కెమెరా కూడా అయిపోయింది. బేకరీ వాళ్ల వీడియో తీస్తుంటే పదో నిమిషంలో వేడెక్కి ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. బేకరీ ఆవిడ తడిగుడ్డ వేయనా అని అడిగింది. దానికి జ్వరం వచ్చిందనుకుంది పాపం.

ఇంటికొస్తే తాత బొమ్మల పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. మార్చి ఒకటిన మా ఊరి దేవుడు నేలతాత పుట్టినరోజు. ఏటా లాగే గుడి ముందు మా ఆట, చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలతో. అదే ఆఖరి ఆటట. నాలుగో తారీఖున తాత కుడిచేతి చూపుడు వేలికి ఆపరేషన్. బొమ్మ తల నిలబడేది ఆ వేలి మీదే. అది ముడుచుకుంటే ఒక్కోసారి తెరుచుకోవడం లేదు. వేలు బాగుపడుతుంది కానీ పాత వేగానికి నేను పూచీ కాదు అన్నాడట డాక్టరు. అయితే పెట్టెను స్కూలు మ్యూజియంకి ఇచ్చేస్తానని తాత తేల్చేశాడు. ఇరవయ్యో తారీఖున వాళ్ల వ్యాను వస్తుందట.

పద్నాలుగో ఏట మొదలుపెట్టాడు. ఇప్పుడు డెబ్బై నాలుగు. అది విని బీయూ అత్త లేచింది. తాత కూతురు, మా ట్రక్కు డ్రైవరు, మా ఆటకి గంటలు కొట్టేది కూడా ఆవిడే. వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కొట్టింది.

నేను మాత్రం ఒకటి నిర్ణయించుకున్నాను. ఆ పల్టీ తీయాలి. మా బొమ్మల్లో గడ్డం సేనాని తాత కుడిచేతి మీంచి గాల్లోకి ఎగిరి, ఒక పల్టీ కొట్టి, ఎడమచేతి మీద దిగుతాడు. రెప్పపాటు. ఇప్పటిదాకా జనం ఫోన్లలో తీసినవన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. ఉన్నది ఒక్క ఆట. కొత్త కెమెరా కావాలి.

ఫిబ్రవరి 6

రైలెక్కి జియాయీ పట్నం వెళ్లాను. స్టేషన్ దగ్గర లియావ్ కెమెరా షాపు. లియావ్ నాకంటే నాలుగేళ్లు పెద్ద, అయినా అక్కా అంటాడు. కొనడానికి వచ్చిన ఆడవాళ్లందరూ వాడికి అక్కలే. ఏం తీస్తావక్కా అన్నాడు. బొమ్మలు అన్నాను. ఎంత దూరం నుంచి అన్నాడు. దగ్గర్నుంచే అన్నాను. కొలిచావా అన్నాడు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఆ స్టేజీ వెనకే పెరిగాను, నాకు కొలత చెప్తావా అన్నాను. సరే తల్లీ అన్నాడు. అక్క నుంచి తల్లికి ఎదిగాను.

రెండు చూపించాడు. ఒకటి ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్‌ది. బరువుగా, గంభీరంగా ఉంది. దానికి నేను పెట్టిన పేరు పెద్దమ్మ. రెండోదాని సెన్సర్ చిన్నది, ఒళ్లూ చిన్నది. దాని పేరు చిట్టి. చిట్టి తెర పక్కకి తెరుచుకుని మన వైపు తిరుగుతుంది. తీసుకుంటూ తనను తాను చూసుకోడానికట. నాకెందుకది? నా మొహం నాకు తెలుసు.

పెద్దమ్మకి 35 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి బయటికి చూశాను. ఎదురు కొట్లో టర్కీకోడి అన్నం గిన్నెలోంచి లేచే ఆవిరి పోగులు పోగులుగా కనిపించింది. అంతే, మనసు పారేసుకున్నాను.

ఫిబ్రవరి 7

ఇరవై మూడు రివ్యూలు చూశాను. ఇరవై మూడు మందివీ ఇరవై నాలుగు అభిప్రాయాలు.

ఫిబ్రవరి 9

పెద్దమ్మనే తెచ్చాను, 35తో. ముందు వారం అద్దెకు వాడు, కాపురం కుదిరితే కొనుక్కో అన్నాడు లియావ్. కుదరకపోవడమేంటి? స్టేజీ వెనక ఇరుకు, వెడల్పు లెన్సే సరి. చేతులు, వేళ్లు, పల్టీ, అన్నీ ఒకే ఫ్రేములో వస్తాయి.

ఫిబ్రవరి 11

కాపురం చెడింది.

పెరట్లో ట్రక్కు తలుపు కిందికి దించి స్టేజీ కట్టారు. రిహార్సల్. నేను తాత వెనక దూరి పెద్దమ్మను ఆయన భుజం మీదుగా పెట్టాను. వేళ్లు ఎంత అందంగా ఉన్నాయో! తాత ఆట ఆపి వెనక్కి తిరిగాడు. ఏం తీస్తున్నావ్ ఫెన్ అన్నాడు. నీ చేతులు అన్నాను. చేతులు కనిపిస్తే బొమ్మ చచ్చిపోతుంది, శవాల వీడియో నాకెందుకు, బయటికి నడువు అన్నాడు. ఈ చేతుల్ని రేపు ఎవరైనా చూసి నేర్చుకోవాలి కదా అన్నాను. నేర్చుకునేవాడు నా దగ్గరికి రావాలి కానీ నీ పెట్టెలోకి దూరడమేంటి అన్నాడు. అత్త అన్నం తినమంటూ గంట కొట్టి గొడవ ఆపింది.

ఫిబ్రవరి 12

లాంతర్ల పండుగ. తీపి ఉండలు పదకొండు తిన్నాను. తాతతో మాట్లాడలేదు. ఆయన తొమ్మిది తిన్నాడు. ఆయనా మాట్లాడలేదు.

ఫిబ్రవరి 14

వెనక వద్దంటే ముందు నుంచి తీస్తాను. ట్రక్కు ఎక్కడ నిలబెట్టాలో చూసుకోడానికి తాతా అత్తా గుడి దగ్గరికి వెళ్లారు, నేనూ వెళ్లాను. నేలతాతది ఒంటిగది గుడి. తెల్ల గడ్డంతో నవ్వుతూ లోపల కూర్చుని ఉంటాడు. స్టేజీ ఆయనకు ఎదురుగా. మధ్యలో ట్రైపాడ్ పాతాను. దివ్యమైన చోటు.

అత్త హారన్ కొట్టింది. ఆపకుండా కొట్టింది. తాత ట్రక్కు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరిగెత్తగా చూసి ఎన్నేళ్లయిందో. ఎవరి కళ్లకు అడ్డం నిలబడ్డావో తెలుసా అన్నాడు. ఆట ఎవరి కోసం, నీ కోసమా, నీ పెట్టె కోసమా, ఆయన కోసం కాదూ అన్నాడు. నిజమే. మా ఊళ్లో ఎవరూ ఆ మధ్య దారిలో కుర్చీ వేయరు. జనం పక్కలకు సర్దుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్లొచ్చాయి, కెమెరా చేతికొచ్చేసరికి మర్చిపోయాను. సిగ్గేసింది.

పక్కల నుంచి చూస్తే స్టేజీ చుట్టూ ఉన్న చెక్క నగిషీ సగం బొమ్మను మింగేస్తోంది. వెనక వద్దు, మధ్య వద్దు, పక్కలు పనికిరావు. మిగిలింది ఒక్కటే చోటు. గుడి లోపల, నేలతాత పక్కన.

ఫిబ్రవరి 15

గుడి చూసుకునే ఖో బాబాయ్‌ని అడిగాను. నన్నెందుకు, ఆయన్నే అడుగు అని చెక్కలు చేతిలో పెట్టాడు. రెండు నెలవంక చెక్కలు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే అన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే ఆయన నవ్వుతున్నాడన్నట్టు.

మొదటిసారి వివరంగా అడిగాను. మూడు కాళ్ల స్టాండు, ఫలానా ఎత్తు, లెన్సు ఇన్ని మిల్లీమీటర్లు, సెకనుకు ఇన్ని ఫ్రేములు. నవ్వాడు. రెండోసారి ఇంకా వివరంగా అడిగాను. మళ్లీ నవ్వాడు. ఖో బాబాయ్ కూడా నవ్వి, ఆయన పొలం మనిషమ్మా, అర్థమయ్యేట్టు అడుగు అన్నాడు. తాతా, నీ పక్కన కూర్చోనా అన్నాను.

సరే అన్నాడు.

ఫిబ్రవరి 16

కొలిచాను. ఎట్టకేలకు. నేలతాత నుంచి స్టేజీకి పద్నాలుగు మీటర్లు. అక్కడినుంచి పెద్దమ్మ 35లో చూస్తే గడ్డం సేనాని బియ్యపుగింజంత ఉన్నాడు.

ఫిబ్రవరి 17

లియావ్ కొలత వినగానే కౌంటర్ మీద తల పెట్టి నవ్వాడు. అడిగానా లేదా, అడిగానా లేదా అని నాలుగుసార్లు అన్నాడు. అడిగావు నాయనా. తర్వాత మంచిగానే చెప్పాడు. పెద్దమ్మతో ఆ దూరానికి కావాల్సిన లెన్సు మోయాలంటే అత్త ట్రక్కు కావాలి. చిట్టి సెన్సర్ చిన్నది కాబట్టి అదే లెన్సు అందులో ఇంకా దగ్గరికి లాగుతుంది. దూరపువాటిని దగ్గర చేసే 70-200 లెన్సు చాలు. సెకనుకు నూట ఇరవై ఫ్రేములు, రెప్పపాటును సాగదీసి ఐదు సెకన్లు చేస్తుంది. పగటిపూట ఆట కాబట్టి వెలుతురుకు లోటు లేదు.

పెద్దమ్మను తిరిగిచ్చేటప్పుడు గుండె పిండేసినట్టైంది. చిట్టిని తెచ్చుకున్నాను. దేవుడు కుదిర్చిన సంబంధం, ఏం చేస్తాం.

ఫిబ్రవరి 23

చిట్టికి ఒక రోగం ఉంది. మొహం కనిపిస్తే దాని చుట్టూ పసుపు గడి గీసి ఫోకస్ పట్టుకుంటుంది. దొప్పచెవుల జోకర్ బొమ్మ మీద గీసింది. రాకుమారి మీద గీసింది. అత్త గంట మీద కూడా గీసింది. సేనాని మీద మాత్రం గీయదు. వచ్చినట్టే వచ్చి జారిపోతుంది. గడ్డం వల్లేమో అన్నాడు లియావ్. నేలతాతకూ గడ్డముంది, ఆయన మీద నిక్షేపంగా గీసింది.

సేనాని వచ్చినప్పుడు చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి.

ఫిబ్రవరి 28

బ్యాటరీలు నాలుగు. కార్డులు మూడు. అన్నం సహించలేదు. తాత మాత్రం రెండు గిన్నెలు తిని, వేలికి నూనె రాసుకుంటూ, నువ్వెందుకే వణుకుతున్నావ్, పల్టీ కొట్టేది నువ్వా అన్నాడు.

మార్చి 1, శనివారం

అయింది. 

మధ్యాహ్నం మూడింటికి మొదలు. నేలతాత ముందు వేరుశనగ అచ్చులు, బియ్యప్పిండి మోచీలు, కమలాలు. ఆయన ఎడమ మోచేతి దగ్గర నేనూ చిట్టీ. జనం పదమూడు మంది, రెండు కుక్కలు. టపాకాయలు పేలాక అత్త గంట కొట్టింది.

తెర లేచింది. అప్పుడు తట్టింది నాకు. ఈ ఆటను నేను ముందు నుంచి ఎప్పుడూ చూడలేదు! నాలుగో ఏట నుంచి వెనకే ఉన్నాను. బొమ్మలు అందిస్తూ, టీ పోస్తూ, చొక్కా వెనకభాగాలు చూస్తూ పెరిగాను. వెనక నుంచి అది చెమట. ముందు నుంచి ఒక ఊరు, ఒక యుద్ధం, ఒక రాకుమారి అలక. జోకర్ తుమ్మితే గట్టిగా నవ్వేశాను. ఖో బాబాయ్ నా వైపు ఉరిమి చూశాడు. ఫోకస్ రెండు క్షణాలు పోయింది. పోనీ.

యుద్ధం మధ్యలో సేనాని ఆగిపోయాడు. తల వాల్చి అలాగే నిలబడ్డాడు. జనం ఏదో ఆలోచిస్తున్నాడనుకున్నారు. నాకు తెలుసు, వేలు బిగుసుకుపోయింది. అత్తకూ తెలిసింది. గంటల వరస మార్చి, సాగదీసి, మళ్లీ సాగదీసింది. నేలతాత వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. ఒళ్లు మండింది.

అప్పుడు సేనాని తల లేచింది. లేచిన ఊపులోనే గాల్లోకి ఎగిరాడు. పచ్చ అంగరఖా విచ్చుకుంది, గడ్డం తలకిందులైంది, కాళ్లు ఆకాశంలో. దిగాడు. ఎడమచేతి మీద, నిండుగా. కుక్క మొరిగింది.

రికార్డయింది. మూడుసార్లు చూసుకున్నాను. ఏడ్చాను కూడా. ఖో బాబాయ్ మోచీ ఇచ్చి ఊరుకోబెట్టాడు.

మార్చి 2

హాల్లో టీవీకి తగిలించి వేశాను. తాత ముందు రానన్నాడు. తర్వాత టీ కోసమన్నట్టు వచ్చి నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

ఆయనా ఎప్పుడూ చూడలేదు. అరవై ఏళ్లలో ఒక్కసారీ. ఫోన్లలో తీసినవి దోమల్లా ఉంటాయని పక్కకి నెట్టేవాడు. అద్దం ముందు సాధన చేస్తే వాళ్ల గురువు కర్ర తీసుకునేవాడట. బొమ్మను చూడాల్సింది నువ్వు కాదు, దేవుడు అని.

పల్టీ ఏడుసార్లు వేయించాడు. నేను మెచ్చుకోలు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎనిమిదోసారి లేచి టీవీ దగ్గరికెళ్లి సేనాని మొహం మీద వేలు పెట్టాడు. తల వంకరగా ఉందేంటి అన్నాడు.

చూశాను. నిజమే. ఎడమకు, కొంచెం ముందుకు. పల్టీలోనే కాదు. నిలబడ్డప్పుడు, నడిచినప్పుడు, అంతటా. వేలి నొప్పి వల్లేమో అన్నాను. అత్త పాత ఫోటో ఆల్బం తెచ్చింది. ఆవిడ పుట్టిన ఏడాది ఆట. అందులోనూ వంకరే.

అరవై ఏళ్లు వంకర తలతో ఆడించానా, ఒక్కడూ చెప్పలేదేం అని అరిచాడు. టీ చల్లారిపోయింది.

మార్చి 3

పొద్దున టిఫిను తినగానే తాత మాయం. గుళ్లో దొరికాడు. నేలతాతతో పోట్లాడుతున్నాడు. నీ ఎదురుగానే కదయ్యా ఆడించింది, అరవై ఏళ్లు మోచీలు తింటూ చూశావు, ఒరేయ్ తల సరిచెయ్యరా అని ఒక్కసారి కల్లోకొచ్చి చెప్తే నీ సొమ్మేం పోయింది అంటున్నాడు. ఖో బాబాయ్ మధ్యలో కల్పించుకుని, మేమంతా అది సేనాని పొగరనుకున్నాం అన్నా, మా పిల్లలు అలాగే తల వంచి నడిచేవాళ్లు కూడా అన్నాడు. తాతకి ఇంకా మండింది.

చెక్కలు వేశాడు. ఏం అడిగాడో చెప్పలేదు. నవ్వు. మళ్లీ వేశాడు. నవ్వు. మూడోసారీ నవ్వే. తాత చెక్కలు ఏరుకున్నాడు. తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. ఆపుకోలేక గడప మీద కూర్చుండిపోయాడు.

మార్చి 4

ఆపరేషన్ అయింది. ఆరు వారాలు ఆ వేలు కదపకూడదట. మరి ఎడమచెయ్యో అని అడిగాడు తాత. దానికేం రోగం లేదు కదా అన్నాడు డాక్టరు. లేదు లేదు అన్నాడు తాత, గబగబా.

మార్చి 8

మ్యూజియం మేడమ్ ఫోన్ చేసింది. ఇరవయ్యో తారీఖున వ్యాను పంపిస్తున్నాం అంది. తాత ఫోన్ లాక్కుని, వంకర తలవాణ్ణి మ్యూజియంలో నిలబెడతావా, నా పరువేం కావాలి అన్నాడు. మరి ఎప్పుడు పంపమంటారు అని అడిగిందట. నిటారయ్యాక అని పెట్టేశాడు.

అత్త వంటింట్లో గిన్నెల మీద కొట్టింది. ఈసారి పండగ వరస.

మార్చి 10

తాత నా గది గుమ్మంలో నిలబడి గోడ గోకుతున్నాడు. ఏం కావాలన్నాను. ఆ తెర తిరిగే దాన్ని ఒకసారి ఇస్తావా అన్నాడు. చిట్టి తెర ఆయన వైపు తిప్పిపెట్టాను. ముందు తన మొహమే కనిపించింది. ఉలిక్కిపడి జుట్టు సర్దుకున్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ. తర్వాత సేనానిని ఎడమచేతికి తొడుక్కుని, నువ్వు వెళ్లు అన్నాడు.

మార్చి 20

వ్యాను రాలేదు. చిట్టి కూడా నా చేతికి రావడం లేదు. బేకరీ వీడియో ఫోన్లో తీశాను. ఆవిడ ఫోన్ వేడెక్కిందేమోనని ముట్టుకుని చూసింది.

మార్చి 27

తలుపు సందులోంచి చూశాను. తాత వీపు, పైకెత్తిన ఎడమచెయ్యి, దానికవతల చిట్టి తెర. తెర మీద సేనాని, తల నిటారుగా. పసుపు గడి వచ్చింది, సేనాని మొహం మీద ఆగింది. జారలేదు.