అరవై రెండు కిలోలు

నాన్నా,

ఈ రోజు పెద్ద బండి తెచ్చుకున్నాను. ఈ దేశంలో కొత్త లైసెన్సు వాళ్ళు చిన్న ఇంజను బైకే నడపాలి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు అన్న షరతులు నాకు పోయిన వారం తీరిపోయాయి. రెండేళ్ళ కిందట నువ్వు ఇక్కడికి, క్లైడ్ నార్త్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు వీధి చివరిదాకా తిప్పమని అడిగితే రూలు ఒప్పుకోదన్నాను. "సరేలే, ఈసారి ఎక్కుతా" అన్నావు.

షాపులో మెకానిక్ వెనక స్ప్రింగు బిగిస్తూ నా బరువు అడిగాడు. చెప్పాను. "వెనక ఎవరైనా కూర్చుంటారా? వాళ్ళ బరువెంత?" అన్నాడు. "అరవై రెండు" అనేశాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నువ్వు పోయి ఏడాది దాటింది. ఇక్కణ్ణించి నువ్వు ఊరికి తిరిగెళ్ళే రోజు నీ సూట్‌కేసు ఎంత బరువుందో చూడటానికి ముందు నిన్ను ఒట్టిగా, తర్వాత సూట్‌కేసుతో వెయింగ్ మెషీన్ ఎక్కించాను. ఆ అంకె నాకలా గుర్తుండిపోయింది.

అతను ఇద్దరికి సరిపడా బిగించేశాడు. ఉన్నది నేనొక్కదాన్నే కదా, ఇంటికొచ్చే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి ఎగిరిపడింది.

నీ అల్లుడు వెనక సీటు నొక్కి చూశాడు. "ఇదేంటే, ఇంత టైట్‌గా ఉంది? సాటర్డే వెళ్ళి లూజ్ చేయించు, ఫైవ్ మినిట్స్ పని."

నిజమే, ఐదు నిమిషాల పనే. చేయించాలో వద్దో మాత్రం తేలట్లేదు. నాకు స్కూటీ నేర్పేటప్పుడు వెనక కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ "మెల్లగా, మెల్లగా" అని అరిచేవాడివి. ఇలాగే వదిలేస్తే, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మెల్లగానే పోవాలి నాన్నా.