యోనాస్ పేరు మీద బియ్యం

ఏమయ్యా,

బాగున్నావా అని అడిగితే నవ్వుతావు. అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయింది. ఇంకో వారంలో పెత్రమాస, పోయినవాళ్లకు పెట్టే అమావాస్య. నీ పేరు మీద మొదటిసారి అయ్యగారికి బియ్యం ఇవ్వబోతున్నాను. ఇన్నేళ్లూ నువ్వు మీ బాపు పేరు, మీ అవ్వ పేరు చెబుతుంటే పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు నీ పేరు నేను చెప్పాలి. పెళ్లయినప్పటి నుంచి నోటితో పలకని పేరు...

నేను బాగానే ఉన్నాను. మోకాళ్లే నా మాట వినడం లేదు. నీ ఫోన్‌కు రీచార్జి చేయిస్తూనే ఉన్నాను. చచ్చినోడి ఫోన్‌కు పైసలు పోయడం ఏందని నన్ను తిట్టుకుంటావేమో, తిట్టుకో. ఆ ఫోన్ బతికి ఉండబట్టే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

పోయిన నెల ఒక పొద్దున అది మోగింది. ఏదో పరదేశం నంబరు. మాస్టర్ ఉన్నారా అని ఒక ఆడపిల్ల గొంతు. ఎవరో తెలుసా? రుత్. పరదేశంలో మన పక్కింటి మర్తా కూతురు.

నువ్వు లేవని చెప్పాను. అమ్మను కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకొస్తున్నానని, ఒక్కసారి కలవాలని అడిగింది.

మనం ఆరేళ్లు ఉన్న ఆ దేశం పేరు నేను ఇప్పుడు కూడా రాయను. రాస్తే నీకు కంగారు. లెక్కల సారు ఉద్యోగానికి సముద్రం దాటి పోయాం, వచ్చేశాం, తొండుపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. అయినా ఇంట్లో ఆ పేరు ఎత్తితే నువ్వు లేచి కిటికీ మూసేవాడివి. "గోడలకు చెవులుంటయే" అనేవాడివి. మన గోడలకు విమానాల మోత తప్ప ఇంకేం వినబడుతుందయ్యా అంటే విన్నావా ఎప్పుడైనా?

వచ్చిన కొత్తలో శంషాబాద్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, పక్క బల్ల మీది ముసలాయన మంత్రిని పేరు పెట్టి అమ్మనా బూతులు తిట్టాడు. నువ్వు చాయ్ సగంలో వదిలేసి నా చేయి పట్టుకుని లాక్కొచ్చావు. ఆరు నెలలకు గానీ నీకు నమ్మకం కుదరలేదు, ఇక్కడ ఎవరూ రారని, ఆ ముసలాయన మర్నాడు కూడా అక్కడే కూర్చుని మళ్లీ తిడతాడని. ఇగ ఆ తర్వాత రోజూ అక్కడికే పరుగు. "ఆ తిట్లు ఇంటుంటే పానం నిమ్మళమైతదే" అనేవాడివి. నీలాంటి మెత్తని మనిషికి బూతుల పిచ్చి పట్టిందని నేను ఎంత నవ్వేదాన్నో!

మొన్న ఆ హోటల్ దగ్గర ఆగాను. అక్కడి వాళ్లు కూడా మాట్లాడే ముందు, పక్కవాడి చేతిలో ఫోన్ ఎటు తిరిగి ఉందో చూసుకుంటున్నారు. నువ్వు చూడలేదు, మంచిదే అయింది.

మర్తాను, రుత్‌ను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు నేనే పోయాను. మర్తాను గుర్తుపట్టలేకపోయాను. ఆ ఎత్తు, ఆ నడక ఏమైపోయాయో... పిడికెడు మనిషి. కాపలా పోలీసును చూడగానే తల దించుకుని, సంచి గుండెకు అదుముకుంది. ఇక్కడ అక్కర్లేదని చెప్పాను. తల ఊపింది గానీ ఎత్తలేదు. ఆటోలో ఇల్లు చేరేదాకా ఆ సంచి వదల్లేదు.

ఆమెను ఎందుకు బయటికి పోనిచ్చారో తెలుసా? ముసలివాళ్లను పోనిస్తారట. తిరిగి రాకపోయినా ఆ దేశాన్ని ఏలే పెద్దాయనకు నష్టం లేదు కదా. పిల్లలనే పోనివ్వరు. రుత్ సరిహద్దు దాటి నడిచి పారిపోయింది కాబట్టి వేరే దేశంలో నర్సు అయింది.

ఇంట్లోకి రాగానే మర్తా వంటింట్లోకి పోయి కొళాయి మొత్తం తిప్పింది. నీళ్లు బుసబుసా పోతున్నాయి. ట్యాంకర్ నీళ్లు! నా ప్రాణం విలవిల్లాడింది. కట్టేయబోయాను. రుత్ నా చేయి పట్టుకుని ఆపింది. అప్పుడు అర్థమైంది... అక్కడ మనమూ అలాగే మాట్లాడుకునేవాళ్లం కదా, నీళ్ల చప్పుడు చాటున? పోతే పోయాయి నీళ్లని ఊరుకున్నాను.

ఆమె కళ్ల కోసం రాలేదయ్యా. యోనాస్ కోసం వచ్చింది.

యోనాస్... నీ క్లాసులో రెండో వరుస పిల్లవాడు. మర్తా కొడుకు. ఏటా మన బతుకమ్మకు గుట్ట మీదికి ఉరికి పసుపుపచ్చని అడవిపూలు కోసుకొచ్చేవాడు. తంగేడు లేదు, గునుగు లేదు, ఆ పూలతోనే పేర్చేదాన్ని. ఆ ఊళ్లో నేనొక్కదాన్నే ఆడేదాన్ని, మర్తా పిల్లలు నా చుట్టూ చప్పట్లు కొట్టేవాళ్లు. నువ్వు వాకిట్లో కుర్చీ వేసుకుని, బయట ఎవరైనా చూస్తున్నారేమోనని గేటు వైపే చూస్తుండేవాడివి.

వాడు చేసిన నేరం ఒక్కటే. చదువైపోయిన పిల్లలందరినీ సైన్యంలోకి తోలే ముందు పెట్టిన మీటింగులో లేచి, తన అన్నను అలాగే సైన్యంలోకి తీసుకుపోయి పన్నెండేళ్లయింది, ఎప్పుడు ఇంటికి పంపుతారని అడిగాడు. అంతే. మర్నాడు వాడు లేడు. ఎక్కడికి తీసుకుపోయారని మర్తా అడగలేదు. అడిగితే రుత్‌ను కూడా తీసుకుపోతారు. అక్కడ అడగరు కదా.

హాజరు పట్టీలో వాడి పేరు కొట్టేసి ఇచ్చారు నీకు. నువ్వేం చేశావో నేను మర్చిపోలేదు. రోజూ పేర్లు పిలుస్తూ, వాడి పేరు ఉండాల్సిన చోట ఒక్క ఊపిరి ఆగేవాడివి. ఆ తర్వాత కింది పేరు. క్లాసంతా తలలు దించుకుని ఆ ఊపిరి కోసం ఎదురుచూసేదట. ఆ ఏడాది చివర నీ ఉద్యోగం పొడిగించలేదు. "నాకు ధైర్యం లేదే, ఊపిరి ఆపుకునుడొక్కటే వచ్చు" అన్నావు విమానంలో. ఇప్పుడు చెబుతున్నాను విను. అది తక్కువ ధైర్యం కాదు.

నీళ్లు పోతుండగా మర్తా చెప్పింది. జైలు నుంచి ఒక చెప్పులు కుట్టే ముసలాయనను వదిలారట. పనికిరాడని. పిల్లలు మాయమైన ఇళ్లన్నీ తిరుగుతూ ఆయన రహస్యంగా మర్తా ఇంటికి వచ్చాడట. పక్క గదిలో మొహం కనబడని ఒక మనిషి, రోజూ సాయంత్రం చప్పట్లు కొడుతూ ఒక పాట పాడేవాడట. అర్థం కాని భాష. ఏళ్ల తరబడి వినీ వినీ ముసలాయనకు నోటికి వచ్చేసింది. అది మర్తాకు నేర్పి వెళ్లాడు. మర్తాకు అది యోనాసేనేమోనని అనుమానం. ఫోన్‌లో అడగలేదు, ఉత్తరం రాయలేదు. ఆ పాటను మనసులో పెట్టుకుని, ఇంత దూరం, మోసుకొచ్చింది.

వంటగట్టుకు ఆనుకుని నిలబడి మెల్లగా చప్పట్లు మొదలుపెట్టింది. మొదటి చప్పట్ల వరుసకే నా చేతిలోని గిన్నె కింద పెట్టేశాను. తర్వాత పాట...

లెక్కలా సారుకూ ఉయ్యాలో
నెత్తంతా నున్నగా ఉయ్యాలో

నేను కట్టిన పాటయ్యా! నీ బట్టతల మీద, నిన్ను ఉడికించడానికి, ఆ వాకిట్లో. లోకంలో ఇంకెవరికీ తెలియదు. పిల్లలకు అర్థం చెబితే పడీపడీ నవ్వారు. నువ్వు గేటు చూడటం మానేసి నెత్తి తడుముకున్నావు, గుర్తుందా? వాడు దాన్ని ఆ చీకటి గదిలో ఏళ్లపాటు పాడుకున్నాడు. నీ బట్టతలను తలచుకుని నవ్వుకున్నాడో... ఏడ్చాడో...

మర్తా నా మొహంలోకే చూస్తోంది. ఇది మీ పాటేనా అని అడగనైనా అడగలేదు.

చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ముసలాయన ఇంకో మాట కూడా చెప్పాడు. నాలుగేళ్ల కింద, వానాకాలంలో, ఒక సాయంత్రం నుంచి ఆ పాట ఆగిపోయిందట. మళ్లీ వినబడలేదు. వేరే గదికి మార్చారా? గొంతు పోయిందా? మనిషే పోయాడా? ఆయన అడగలేదు. నేను అవునంటే, అన్నేళ్లూ కొడుకు బతికే ఉన్నాడన్న మాటా నిజమే, ఆగిపోయింది వాడి పాటేనన్న మాటా నిజమే. కాదంటే ఆమె వట్టి చేతులతో పోతుంది. ఏం చేయను?

అవునన్నాను. అబద్ధం చెప్పే మొహం కాదు నాది.

ఆమె ఏడవలేదు. కొళాయి కట్టేసింది. మన ఇంట్లో ఉన్న పది రోజుల్లో మళ్లీ తిప్పలేదు.

రుత్‌కు ఇంకా ఆశ ఉంది. పెద్దాయనకు జబ్బట, టీవీలో చేతులు చూపించడం లేదట, వణుకుతున్నాయని. పరదేశాల్లో పిల్లలంతా ఒక్కటవుతున్నారట. ఏడాది తిరిగేలోపు జైళ్లు తెరుచుకుంటాయని గట్టిగా చెప్పింది. వింటుంటే నాకూ నమ్మాలనిపించింది. కానీ పెద్దాయన పక్కన ఆయన కొడుకు యూనిఫాం వేసుకుని నిలబడ్డ ఫోటో రుత్ ఫోన్‌లోనే ఉంది. నువ్వున్నప్పుడు ఇలాంటి కబురే ఒకటి వస్తే ఏమన్నావు? "రాజు పోతడు, కుర్సీ పోదు. దాని మీద దుమ్ము గూడ పడనియ్యరు" అన్నావు. నీ నోట్లో మంచిమాట ఎప్పుడొచ్చింది గనుక! ఈ ఒక్కసారి నీ లెక్క తప్పితే బాగుండు.

నీ ఫోటోకు వేసిన దండను మర్తా రోజూ చూసేది. పోయినవాళ్లకు మేం ఏం చేస్తామని అడిగింది. పెత్రమాస గురించి చెప్పాను. పేరు చెప్పి బియ్యం ఇస్తామని, పప్పు, కూరగాయలు పెడతామని, అప్పుడు వాళ్ల ఆకలి తీరుతుందని. ఆమెకు దండ వేసే హక్కు లేదు. కొడుకు పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. ప్రార్థనకు పోతే, బతికున్నవాళ్ల కోసం వేడుకునే వరుసలో నిలబడాలో, పోయినవాళ్ల కోసం వేడుకునే వరుసలో నిలబడాలో కూడా తెలియదట.

పోయే రోజు ఎయిర్‌పోర్టులో నా రెండు చేతులు పట్టుకుంది. పాట తెలిసినదానివి నువ్వు, నీ మనసుకు ఏది తోస్తే అది చెయ్యి, బియ్యం ఇస్తే ఇవ్వు అంది. రుత్ వద్దని తల అడ్డంగా ఊపుతోంది, అమ్మకు కనబడకుండా.

నా నెత్తిన పెట్టి పోయింది! నేనెవరినయ్యా తేల్చడానికి?

అయ్యగారిని అడిగాను. పన్నెండేళ్లు కబురు లేకపోతే చేయవచ్చట. కబురు నాలుగేళ్ల కిందటిదాకా ఉంది కదా స్వామీ, పాట కబురు కిందికి వస్తుందా అని అడిగితే, ఆయన గడ్డం గోక్కున్నాడు. వాడు బతికి ఉంటే, బతికున్నవాడికి పిండాకూడు పెట్టిన పాపం నాది. పోయి ఉంటే, వాడు అక్కడ ఆకలితో... మన ఇంటి వాకిట్లో తిరిగిన పిల్లవాడు, ఎవరూ పేరు చెప్పక ఆకలితో నిలబడతాడు. ఏ పక్కకు జరిగినా గోడే.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇది తెలిసేది నీకొక్కడికే. యోనాస్ అక్కడున్నాడా? కొత్త చోటికి పోయిన ఎవరైనా తెలిసిన మొహం కోసమే వెతుక్కుంటారు. వాడు వచ్చి ఉంటే ఈపాటికి నీ దగ్గరికి చేరే ఉంటాడు. చేరి ఉంటే, పెత్రమాస లోపల ఒక్కసారి నా కలలోకి రా. ఏమీ చెప్పక్కర్లేదు. కనబడితే చాలు. నీ పక్కన వాడికి కూడా బియ్యం పెడతాను.

వాడు అక్కడ లేకపోతే మాత్రం రాకు.

నువ్వు పోయిన నాటి నుంచి, ఒక్కసారి కలలోనైనా కనబడవా అని ఏడవని రోజు లేదు. ఒక్కసారీ రాలేదు నువ్వు. ఎంత కోపమో నీ మీద! కానీ ఈ వారం మాత్రం దేవుడి ముందు దీపం పెట్టి, నువ్వు రావద్దనే మొక్కుతున్నాను.

రాకయ్యా...

నీ
సుగుణ